మజిలీ ఎవరి మాట?

"అది సరేనండీ, అసలు మీవాళ్ళు ఎక్కడ్నించి వచ్చారు?"

ఈ ప్రశ్న నన్నడిగిన వాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. జవాబు చెప్పడం కష్టమయ్యేది అందుకే. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. టీ ఇప్పించి, పక్కన కూచోబెట్టుకుని, ఆప్యాయంగా అడిగేవాడికి ఏం చెప్పాలి?

కిందటిసారి ఈ ప్రశ్న నాకు గుణదల తిరునాళ్ళలో ఎదురైంది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత కొండ జనంతో నిండిపోతుంది. క్రైస్తవులే రారు. గుండు కొట్టించుకుని కొబ్బరికాయ కొట్టే హిందువులూ వస్తారు. బురఖాలోనే మెట్లెక్కి కొవ్వొత్తి వెలిగించే మా వీధి ఆడవాళ్ళూ వస్తారు. ఆ యేడు పేపరు పని మీద వెళ్ళాను. మూడు రోజులు నడిచొచ్చిన ఒక రిటైర్డు మాస్టారు టీ కొట్టు బల్ల మీద కాళ్ళు పిసుక్కుంటూ కూచున్నారు. పలకరించాను. దారి కబుర్లు చెప్పారు. నా పేరడిగారు. చెప్పాను.

"తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!" అన్నారు.

"మాదీ వూరేనండీ. గుణదలే" అన్నాను.

అప్పుడు వచ్చింది ఆ ప్రశ్న. ఆయనకేదో చెప్పి లేచాను. ఇంటిదాకా నడుస్తూ లెక్కేసుకున్నాను. మా దాదా బెజవాడ స్టేషను దగ్గర జట్కా తోలాడు. మా అబ్బా లారీ తోలాడు. నేను రాతపనిలో పడి బస్సుల్లో తిరిగాను. మూడు తరాలుగా మా అన్నం రోడ్డు మీదే. అయినా మేం ఎక్కడ్నించో వచ్చినవాళ్ళం కాదు, ఎక్కడికో పోయి తిరిగొచ్చేవాళ్ళం. మూడు రోజులు నడిచొచ్చిన మనిషి, రోడ్డు పక్కనే పుట్టినవాణ్ణి ఎక్కడ్నించి వచ్చావని అడగడం నాకప్పుడు నవ్వు తెప్పించింది. తర్వాత నవ్వు రాలేదు.

*

గుణదలకి దగ్గర్లోనే బెంజి సర్కిల్లో రెండు పెద్ద దారులు కలుస్తాయి. ఒకటి పుణె నుంచి హైదరాబాదు మీదుగా బందరు పోయేది. లారీ వాళ్ళు ఇప్పటికీ దాన్ని తొమ్మిదో నంబరు రోడ్డనే అంటారు, కాగితం మీద 65 అయినా. రెండోది మద్రాసు నుంచి కలకత్తా పోయేది. ఒకప్పుడు 5, ఇప్పుడు 16.

మొదటిది గోల్కొండ దారి. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం గోల్కొండకి సముద్రపు గుమ్మం. ఈ దారినే అద్దకం గుడ్డలు, వజ్రాలు రేవుకి పోయేవి. ఇరాన్ నుంచీ అరబ్బు రేవుల నుంచీ వచ్చినవి ఈ దారినే పైకి పోయేవి. దక్కను నుంచి హజ్‌కి పోయేవాళ్ళు ఈ రేవులోనే ఓడెక్కారు. 1652లో ఫ్రెంచి నగల వర్తకుడు తవెర్నియే బందరు నుంచి బయల్దేరి బెజవాడలో గుడి చూసి రాసుకున్నాడు. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి పొట్ట చేత్తో పట్టుకొచ్చిన మీర్ జుమ్లా బందరుకి హవల్దారయ్యాడు, ఆ తర్వాత గోల్కొండకి వజీరయ్యాడు.

కాబట్టి వచ్చినవాళ్ళు లేరని నేననను. వచ్చారు. కొందరు గుర్రాల మీద వచ్చారు, కొందరు ఓడల్లో వచ్చారు. కానీ ఈ డెల్టాలో దూది ఏకినవాళ్ళు, మగ్గం నేసినవాళ్ళు, గుర్రాలకి లాడాలు కొట్టినవాళ్ళు, పొలాల్లో కూలికి పోయినవాళ్ళు ఏ ఓడ దిగారు? వాళ్ళలో ఎక్కువమంది తాతముత్తాతలు ఇక్కడి గట్ల మీదే పుట్టి, ఇక్కడి కులాల కింద నలిగి, కలిసి కూచుని తినే బంతి వెతుక్కుంటూ మసీదు మెట్లెక్కినవాళ్ళు. వాళ్ళు దాటింది సముద్రం కాదు, ఒక వీధి. ఆ వీధి దాటడం ఎంత కష్టమో ఈ దేశంలో దాటినవాడికే తెలుసు.

మాస్టారి ప్రశ్నకి ఇది సగం జవాబు. మిగతా సగం కోసం నేను రెండు పుస్తకాల దగ్గరికి పోయాను. ఒకటి తెలుగు, ఒకటి ఉర్దూ. రెండూ ఒకే కాలపువి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే అదృష్టమో దురదృష్టమో నాలాంటి రెండు నాలుకలవాళ్ళకే పట్టింది.

*

తెలుగు పుస్తకం 'కాశీయాత్ర చరిత్ర'. రాసింది ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు. రైలు లేదు. పల్లకీలు, బోయీలు, డేరాలు, వందమంది దాకా పరివారం. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి హైదరాబాదు చేరి, అక్కణ్ణించి నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగ, కాశీ. వచ్చేటప్పుడు గయ, జగన్నాథం, విశాఖ తీరం. దారిపొడుగునా మద్రాసులోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి సంగతులు రాసి పంపుతూ వచ్చాడు. అవే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. అప్పటికి రాసినాయన పోయి రెండేళ్ళు. మళ్ళీ 1941లో దాన్ని శ్రద్ధగా పరిష్కరించి వెలుగులోకి తెచ్చింది మా బెజవాడ వకీలు దిగవల్లి వేంకటశివరావుగారు.

ఉర్దూ పుస్తకం 'తారీఖె యూసుఫీ'. తర్వాత 'అజాయిబాతె ఫరంగ్' అన్న పేరుతో పేరుపడింది. ఉర్దూలో అచ్చయిన తొలి యాత్రాగ్రంథంగా దాన్ని లెక్కిస్తారు. రాసింది యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్. సొంత వూరు హైదరాబాదు. 1828లో ఇల్లు వదిలి దేశం మీద పడ్డాడు. అజీమాబాదు, ఢాకా, మచ్ఛిలీబందరు, మద్రాసు, నేపాలు, ఆగ్రా, ఢిల్లీ, చివరికి లక్నో. ఈ దేశాటనంతా ఆయన పేర్ల వరసగా చెప్పి వూరుకున్నాడు. ఆ వరసలో మా బందరు పేరు కనబడ్డప్పుడు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. లక్నోలో నవాబు నసీరుద్దీన్ హైదర్ గుర్రపు దళంలో నౌకరీకి కుదిరాడు. ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఇంగ్లండు చూడాలన్న పిచ్చి పట్టి సెలవు పెట్టి, 1837లో కలకత్తాలో ఓడెక్కాడు. 1838లో ఈజిప్టు మీదుగా, కొంత నేల దారిన, బొంబాయి చేరాడు. పుస్తకం 1847లో ఢిల్లీలో అచ్చయింది.

కంబల్‌పోష్ హైదరాబాదు విడిచిన రెండేళ్ళకి వీరాస్వామయ్య హైదరాబాదు చేరాడు. ఒకరు వూరు వదిలినవాడు, ఒకరు ఆ వూరికి పరాయివాడు. ఇద్దరూ కొంత ఒకే నేల మీద నడిచారు. ఇద్దరూ ఒకే రాజ్యం పడిపోతుండగా, ఇంకో రాజ్యం లేస్తుండగా నడిచారు.

*

దూరప్రయాణం చేసేవాడు పరాయి దేశం చూస్తాడంటారు. అబద్ధం. వాడు సొంతిల్లు చూస్తాడు. ఇంటి లెక్కలు మూటగట్టుకుని పోయి, పోయినచోటల్లా విప్పి తూకం వేస్తాడు.

వీరాస్వామయ్య సుప్రీంకోర్టులో ఉద్యోగి. ఆయన తూకపురాయి మద్రాసు. హైదరాబాదు ఆయనకి నచ్చీ నచ్చని వూరు. జనం ఆయుధాలు కట్టుకుని తిరగడం ఆయన్ని కలవరపెట్టింది. కుంపిణీ ఏలుబడిలో ఉన్న నిమ్మళం ఇక్కడ లేదనిపించింది. ఆయన కళ్ళతో చూస్తే ఆ మాట నిజమే. కానీ ఆ కళ్ళకి ఆనని లెక్క ఇంకోటుంది.

1830లో నిజాము గద్దె మీద నాసిరుద్దౌలా వున్నాడు. ఎక్కి ఏడాది దాటింది. దివాను పేరుకి మునీరుల్ముల్క్. పని నడిపింది పేష్కారు చందూలాల్. ఖత్రీ హిందువు, 'షాదాన్' పేరుతో ఉర్దూ కవిత్వం చెప్పినవాడు. తురకల రాజ్యం, తురకల పాలన అని మనం చదువుకున్న పాఠాల్లో ఈయన ఏ అరలో పడతాడో నాకు తెలీదు. ఆ రాజ్యాన్ని పీల్చింది కుంపిణీ ఫౌజు ఖర్చు, దానికోసం చేసిన అప్పు, ఆ అప్పు మీద పామర్ కంపెనీ వడ్డీ. ఆ అప్పు తీర్చడానికి 1823లో నిజాము ఏంచేశాడంటే, ఉత్తర సర్కార్ల కోసం కుంపిణీ తనకి ఏటా కట్టాల్సిన ఏడు లక్షల పేష్కష్ హక్కుని ఒక్కసారిగా వదులుకున్నాడు. అందుకు ముట్టింది ఒక కోటీ పదహారు లక్షల అరవైయ్యారు వేల ఆరువందల అరవైయ్యారు రూపాయలు. అంటే మా కృష్ణా డెల్టా నిజాము ఖాతాలోంచి చివరి కానీతో సహా కొట్టివేయబడింది ఆ ఏడాది. ఏలుబడి అంతకు చాలా ముందే, పద్ధెనిమిదో శతాబ్దంలోనే, కుంపిణీకి పోయింది.

ఈ తేదీ జ్ఞాపకం పెట్టుకోండి. దీంతో మళ్ళీ పని వుంది.

ఇక కంబల్‌పోష్ సంగతి. ఆయన ఓడెక్కేనాటికి లండన్‌లో రాజు నాలుగో విలియం, లక్నోలో నవాబు నసీరుద్దీన్ హైదర్. 1837 జూన్ 20న విలియం పోయాడు. జూలై 7న నసీరుద్దీన్ పోయాడు. పదిహేడు రోజుల తేడాలో, పోతున్న దేశంలోనూ, విడిచిన దేశంలోనూ గద్దెలు ఖాళీ అయ్యాయి. లండన్‌లో విక్టోరియా నిమ్మళంగా గద్దెనెక్కింది. లక్నోలో బాద్‌షా బేగం తన మనవడు మున్నాజాన్‌ని గద్దె మీద కూచోబెట్టింది. రెసిడెంటు ఫౌజుని పిలిపించి, ఆ పిల్లాణ్ణి దింపించి, తమకి కావలసిన ముసలి మహమ్మదలీ షాని కూచోబెట్టాడు. లండన్ వీధుల్లో చట్టాన్నీ క్రమశిక్షణనీ చూసి కంబల్‌పోష్ ముచ్చటపడ్డాడు, మనవాళ్ళ సోమరితనాన్ని తిట్టుకున్నాడు. తనకి సెలవిచ్చిన నవాబు వారసత్వాన్ని అదే ఇంగ్లీషువాళ్ళ తుపాకులు అటూ ఇటూ తిప్పుతున్నాయి అదే ఏడాది.

నేను వాళ్ళిద్దర్నీ తప్పుపట్టడం లేదు. ప్రయాణికుడి కష్టమే అది. పోయినచోట కళ్ళు తెరిచి చూస్తాడు, అదే సమయానికి ఇంటి దగ్గర ఇల్లు మారిపోతుంది. తిరిగొచ్చినవాడు తను విడిచిన వూరికి రాడు.

*

ఈ పుస్తకాల్లో నన్ను పట్టుకున్నవి మాటలు.

వీరాస్వామయ్య వేదాలు నమ్మిన నియోగి బ్రాహ్మడు. పోయింది కాశీకి. రాసింది తెలుగులో. ఆ తెలుగు నిండా సర్కారు, కచేరీ, సవారీ, డేరా, బందోబస్తు. అది ఆ రోజుల్లో నలుగురూ మాట్లాడుకున్న తెలుగు. ఆయన దాన్ని దాచుకోలేదు, కడగలేదు. వీటన్నిటికంటే పెద్ద మాట ఇంకోటుంది. రోజల్లా నడిచి సాయంత్రం దిగిన చోటుని మనం ఏమంటాం? మజిలీ. అరబ్బీలో మంజిల్. మధిర సుబ్బన్న దీక్షితులుగారి పుణ్యమా అని 'కాశీమజిలీ కథలు' వినని తెలుగింటి ముసలమ్మ లేదు. కాశీ పక్కన మంజిల్ వచ్చి కూచుంది. వందల యేళ్ళుగా ఎవరికీ ఎంగిలి కాలేదు.

యూసుఫ్ ఖాన్ బిరుదు చూడండి. కంబల్‌పోష్ అంటే కంబళి కప్పుకున్నవాడు. పోష్ ఫార్సీ. కంబళి సంస్కృతం నుంచి వచ్చి మన గొల్లవాడి భుజం మీద వున్న మాట. లండన్ వీధుల్లో హైదరాబాదు పఠాను అనిపించుకున్నవాడు సగం సంస్కృతం కప్పుకుని తిరిగాడు. మతమేమిటంటే సులేమానీ అని తన సొంత పేరొకటి చెప్పుకున్నాడు. ఏ అరలో పెట్టబోయినా కాలో చెయ్యో బయటికే వుండే మనిషి.

మాస్టారు నన్నడిగిన ప్రశ్నకి మళ్ళీ వస్తాను. "అసలు మీవాళ్ళు ఎక్కడ్నించి వచ్చారు?" ఇందులో 'అసలు' ఎక్కడిది? అరబ్బీ అస్ల్. వేరు, మూలం అని అర్థం. నా వేరు ఎక్కడుందో అడగడానికి ఆయనకి నా భాషలోంచి వచ్చిన మాటే కావలసొచ్చింది. ఆయన దాన్ని అరువు తెచ్చుకున్నానని అనుకోలేదు. అనుకోనక్కర్లేదు కూడా. అది ఆయన మాటే. మరి మాట ఆయనదైనప్పుడు, మనిషి పరాయివాడెలా అయ్యాడు?

ఇక్కడ ఆగి నా పక్షం వాళ్ళకీ ఒకమాట చెప్పాలి. మాటలు కలిశాయి కాబట్టి మనుషులు కలిసి బతికారు, అంతా బంగారు కాలం అని సభల్లో చెప్పేవాళ్ళున్నారు. ఈ పుస్తకాలు అలా చెప్పవు. వీరాస్వామయ్య నిజాము నగరాన్ని దూరం నుంచే చూశాడు. కంబల్‌పోష్ మా బందరు పేరు తలిచాడే కానీ, మన వూళ్ళ మీద ఆగలేదు. ఇద్దరూ కులీనులు. ఒకరు పల్లకీలో వున్నారు, ఒకరు గుర్రం మీద వున్నారు. పల్లకీ మోసిన బోయీల కథ ఎవరూ రాయలేదు. వీరాస్వామయ్య తిరిగొచ్చిన మరుసటేడే నందన కరువు వచ్చింది. 1832-33లో గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది చచ్చారు. బతికినవాళ్ళు మెతుకు కోసం మద్రాసు దారి పట్టి నడిచారు. దారికి అటూ ఇటూ శవాలు. కుంపిణీ నిమ్మళం ఏమాత్రమో ఆ రోడ్డే చెప్పింది. ఆ నడక ఎవరూ ఎక్కడా యాత్రాగ్రంథంగా రాయలేదు.

*

1823 తేదీతో పని వుందన్నాను.

1947-48లో రజాకార్ల జులుం తట్టుకోలేక తెలంగాణ నుంచి జనం సరిహద్దు దాటి బెజవాడ చేరారు. స్టేషనులో దిగినవాళ్ళని మా దాదా జట్కాలో ఎక్కించుకునేవాడు. కొందరి దగ్గర డబ్బుల్లేవు. అడగలేదట. బండి ఎక్కి కూచున్నాక, తోలేవాడి గడ్డం చూసి దిగిపోయినవాళ్ళున్నారట. "నువ్వూ వాళ్ళలో ఒకడివేగా" అన్నారట. దాదా ఈ సంగతి చెప్పినప్పుడల్లా కోపంగా చెప్పేవాడు కాదు. "పాపం, వాళ్ళు పడి వచ్చారు బేటా. భయం గుర్రం లాంటిది. కళ్ళకి గంతలు కడితే గానీ రోడ్డు మీద నడవదు" అనేవాడు.

మా తాతముత్తాతలు నిజాము రయ్యతులు కాకుండా పోయి అప్పటికి నూటయాభై ఏళ్ళు దాటింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టారు, తెల్లవాడికి పన్ను కట్టారు, గాంధీగారు బెజవాడ వచ్చినప్పుడు జట్కాలు ఆపి చూశారు. నిజాము మమ్మల్ని రూపాయల లెక్కన వదిలేసుకున్నాడు. కానీ నిజాము బాకీ మాత్రం మా పేరనే వుండిపోయింది. 1948 సెప్టెంబరు 17 తర్వాత అటువైపు పల్లెల్లో మావాళ్ళ మీద జరిగిన దానికి సుందర్‌లాల్ కమిటీ రిపోర్టు రాసింది. ఇరవైయ్యేడు వేల నుంచి నలభై వేల దాకా ప్రాణాలు పోయాయని దాని అంచనా. ఆ రిపోర్టు జనానికి చదవడానికి దొరికింది 2013లో. రజాకార్లు చంపినవాళ్ళ కోసం ఏడవనివాడు మనిషి కాడు. ఈ రెండో లెక్క తెలియకుండా పెరిగినవాడు కూడా సగం చరిత్రే చదివాడు.

*

మా అబ్బా కథ మద్రాసు-కలకత్తా రోడ్డుది. కొల్లేటి వైపు చెరువుల్లో చేపలు ఐసు పెట్టి హౌరా తోలడం ఆయన పని. పోను, రాను, లోడు కోసం కాయను, అన్నీ కలిపి ఒక్కోసారి పదిహేను రోజులు, నెల. లారీ ముందు అద్దం మీద 786 రాసి వుండేది. లోపల కనకదుర్గమ్మ బొమ్మ, పక్కన గుణదల మాత బొమ్మ. బెజవాడ లారీకి అది మామూలే. ఎక్కిన డ్రైవరు ఎవరైతేనేం, ముగ్గురికీ ఒకే అగరొత్తి.

దాబాల్లో ఆయన్నెవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదట. "ఏ వూరు?" "బెజవాడ." అంతే. ఒరిస్సాలో, బెంగాల్లో ఆయన బెజవాడోడు. తెలుగోడు. ఇంట్లో మాతో ఉర్దూ మాట్లాడే మనిషికి అక్కడ తెలుగే ఇంటిపేరు. తెలుగు వినబడితే మంచం మీద చోటిచ్చేవాళ్ళు.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చినప్పుడు ఆయన లోడుతో కలకత్తా దగ్గర్లో వున్నాడు. నాకప్పుడు పదమూడేళ్ళు. కలకత్తాలో కర్ఫ్యూ. దేశమంతా మంటలు. మా వీధి చివర ఎస్టీడీ బూతు ముందు అమ్మీ రోజూ నిలబడేది, ఫోను వస్తుందేమోనని. తొమ్మిది రోజులు రాలేదు. పదో రోజు రాత్రి ఆయనే వచ్చాడు. లారీ ముందు అద్దం మీద 786 లేదు. పెయింటు గీకిన మరక వుంది.

ఎవరో గీకేశారనుకున్నాను. ఆయనే గీకాడు. రోడ్డు పక్క లారీలు ఆపి పేర్లడుగుతున్నారని ముందు వచ్చిన డ్రైవరు చెప్పాడట. క్లీనరు హిందూ కుర్రాడు. "గురూ, నేను స్టీరింగు దగ్గర కూచుంటాను, మీరు వెనక టార్పాలిన్ కింద పడుకోండి" అన్నాడట. లైసెన్సు లేని ఆ కుర్రాడు రాత్రంతా లారీ తోలాడు. అబ్బా కుళ్ళిన చేపల మీద పడుకుని వచ్చాడు. ఐసు కరిగిపోయి సరుకు పోయింది. సరుకు డబ్బు జీతంలో కోసుకున్నారు. ఆ సంగతి ఎప్పుడూ తలవలేదు. ఆ కుర్రాడి సంగతి మాత్రం చచ్చేదాకా చెప్పాడు.

తెల్లారి నేను, మళ్ళీ 786 రాయిద్దామన్నాను. "అది నంబరే కదరా" అన్నాడు. ఆర్నెల్ల తర్వాత ఆయనే రాయించాడు. ఈసారి చిన్న అక్షరాలు.

ఇంటి దగ్గరి రాజకీయం రోడ్డు మీదున్నవాణ్ణి ముందు పట్టుకుంటుంది. ఇంట్లో వున్నవాడికి తలుపుంటుంది, ఇరుగుపొరుగుంటుంది. రోడ్డు మీదున్నవాడికి పేరొక్కటే వుంటుంది.

*

2019 డిసెంబరులో పౌరసత్వ చట్టం మార్చారు. ఆ వెంటనే ఎన్‌పీఆర్ ఫారంలో అమ్మానాన్నలు ఎక్కడ ఎప్పుడు పుట్టారో అడుగుతారన్న మాట వచ్చింది. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ట్రంకు పెట్టెలు తెరిచారు. మేమూ తెరిచాం. 1987 జూలైకి ముందు ఈ దేశంలో పుడితే చాలు, పౌరుడే, అని చట్టం చెబుతుంది. పుట్టినట్టు చూపించడమే కష్టం. అబ్బా మంత్రసాని చేతుల్లో పుట్టాడు. బడికి పోలేదు. పొలం లేదు, పట్టా లేదు. పెట్టె అడుగున దొరికిన పాత కాగితం ఒక్కటే. 1974 నాటి డ్రైవింగు లైసెన్సు. ఫొటోలో మీసాలు అప్పుడే వస్తున్నాయి. అడ్రసు గుణదల.

దేశంలో ఎక్కడైనా బండి తోలుకోవచ్చని ఇచ్చిన కాగితం అది. ఆయన ఈ వూరివాడని చెప్పేదీ అదొక్కటే. అమ్మీ దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ ప్లాస్టిక్కు కవర్లో పెట్టి తాళం వేసింది.

ఆ ఫారాల పని మార్చిలో ఆగింది. ఆపింది కరోనా. ఆ నెలాఖర్లో దేశానికి తాళం పడింది. ఢిల్లీ మర్కజ్‌కి జమాత్‌లో పోయి తిరిగొచ్చినవాళ్ళ మీద టీవీలు పడ్డాయి. మతం కోసం నలభై రోజులు వూళ్ళు తిరగడం మావాళ్ళలో పాత అలవాటు. రాత్రికి రాత్రి ఆ ప్రయాణం నేరమైంది. రోగం వచ్చినవాడు రోగి కాకుండా ముద్దాయి అయ్యాడు. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు బెంచి, జమాత్‌కి వచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, వీళ్ళని బలిపశువుల్ని చేశారని చెప్పింది. ఆ తీర్పు మీద టీవీల్లో చర్చ పెట్టగా నేను చూడలేదు.

అదే ఏప్రిల్, మే నెలల్లో మద్రాసు వైపు నుంచి ఒరిస్సా, బెంగాల్, బీహారు కూలీలు మా రోడ్డు మీద నడిచారు. సంచులు నెత్తిన, పిల్లలు భుజాన. అబ్బా తోలిన రోడ్డు. వీరాస్వామయ్య పల్లకీ దిగివచ్చిన తీరం. నందన కరువులో జనం ఎదురు దిక్కుకి నడిచిన దారి. రంజాను నెల. మా వీధి కుర్రాళ్ళు ఉపవాసంతోనే అన్నం పొట్లాలు, మజ్జిగ పేకెట్లు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. నేనూ పోయాను.

అక్కడ మేం ప్రతి ఒక్కర్నీ ఒకే ప్రశ్న అడిగాం.

"ఏ వూరు?"

ఇంకెంత దూరం నడవాలో, ఎన్ని పొట్లాలివ్వాలో తెలుసుకోవడానికి అడిగాం. బాలాసోరు అన్నవాడికి రెండు, పట్నా అన్నవాడికి మూడు. వాళ్ళూ మమ్మల్ని పేరు అడగలేదు. ఒక ముసలాయన నీళ్ళు తాగి, వచ్చీరాని హిందీలో, "రాత్రికి పడుకోడానికి మంజిల్ ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. బాలాసోరు ఒరియా మనిషి. ఆ మాట ఆయనకి ఏ భాషదో నేను అడగలేదు.

మాస్టారూ, ఆ రోజు మీకు సరైన జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. మావాళ్ళు స్టేషను దగ్గర్నించి జట్కా తోలుకుంటూ వచ్చారు. హౌరా నుంచి కుళ్ళిన చేపల మీద పడుకుని వచ్చారు. ప్రతిసారీ గుణదలకే వచ్చారు. మళ్ళీ తిరునాళ్ళకి మీరు నడిచొస్తే, కొండ కింద అదే టీ కొట్టు దగ్గర వుంటాను. మా ఇల్లు అక్కణ్ణించి అయిదు నిమిషాల నడక. ఆ రాత్రికి మా ఇంట్లో మజిలీ చెయ్యండి. అబ్బా లైసెన్సు చూపిస్తాను.